చిన్నాయన లెక్కలో పోరంబోకు

నమీబియా వెళ్లొచ్చిన ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరూ బొటనవేలు గుర్తులు పెట్టి ఊరుకున్నారు. మా చిన్నాయన ఒక్కడే ఫోన్ చేశాడు. ఆయన కడప జిల్లాలో ముప్పయ్యేళ్లు రెవెన్యూలో పనిచేసి వీఆర్వోగా రిటైరయ్యాడు. ఏ నేల ఫొటో చూపించినా ముందు అది పట్టానా, డీకేటీనా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమా), వాగు ఎటుంది అని చూసే మనిషి.

"ఏందిరా ఇది, కనుచూపు మేర అంతా పోరంబోకే గదా! దీన్ని చూసేదానికి డబ్బులు పెట్టుకొని పోయినావా?"

నవ్వేశాను గానీ ఆ మాట అక్కడే ఆగిపోయింది నాలో. పోరంబోకు అంటే మనకు తిట్టు. రెవెన్యూ వాళ్లకు తిట్టేం కాదు, శిస్తు లెక్కకు బయట ఉండే నేల, అంతే. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, బాట పోరంబోకు, శ్మశానం పోరంబోకు. అడంగల్ అనే ఊరి భూముల రిజిస్టరులో శిస్తు గడి ఖాళీగా ఉంటుంది. నేల మీద మాత్రం ఊరంతా అక్కడే తిరుగుతూ ఉంటుంది. గొర్రెలు మేసేది అక్కడే, పిల్లకాయలు ఆడేది అక్కడే, చచ్చినోళ్లను పూడ్చేదీ అక్కడే. శిస్తు రాదు కాబట్టి పనికిరాదు అనే అర్థం దానికి ఎప్పుడు అంటుకుందో గానీ, ఆక్రమించుకునేవాడికి మాత్రం పని సుళువైంది.

నేను చూసొచ్చిన ఎరోంగో ప్రాంతం కథంతా ఇదేనని నాకిప్పుడు అనిపిస్తోంది. ఐదొందల ఏళ్లుగా బయటినుంచి వచ్చిన ప్రతివాడూ ముందు దీన్ని పోరంబోకు అని రాసుకున్నాడు, ఆ తర్వాతే చెయ్యి వేశాడు. "అబ్బ, ఏమీ లేదు ఇక్కడ, ఎంత ప్రశాంతంగా ఉందో" అని మురిసిపోయే నాలాంటి టూరిస్టు కూడా తెలియకుండా అదే రిజిస్టరులో సంతకం పెడుతున్నాడు.

నమీబియా అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది 2022లో కునో అడవికి వచ్చిన ఎనిమిది చీతాలు. ఆ దేశంలో 14 ప్రాంతాలున్నాయి, ఎరోంగో వాటిలో ఒకటి. పడమరంతా అట్లాంటిక్ సముద్రం, దాన్ని ఆనుకుని నమీబ్ ఎడారి. ప్రాంతానికి ఆ పేరు లోపల ఉన్న ఎరోంగో కొండ నుంచి వచ్చింది. ఆ ప్రాంతానికి రాజధాని స్వాకోప్‌ముండ్, ఓడరేవు వాల్విస్ బే, రెంటికీ మధ్య ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. విస్తీర్ణం 63 వేల చదరపు కిలోమీటర్ల పైనే. మా పాత ఉమ్మడి కడప జిల్లాలాంటివి నాలుగు పెట్టొచ్చు. జనం 2023 లెక్కల్లో రెండు లక్షల నలభై వేలు, కడప టౌన్‌లో ఉండేవాళ్ల కంటే తక్కువ. వాన సంగతి చెబితే అనంతపురం వాళ్లు కూడా జాలిపడతారు. వాళ్లకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది, దాన్నే మనం కరువు అంటాం. స్వాకోప్‌ముండ్‌లో ఇరవై కూడా పడదు.

ఈ అంకెలు చూస్తే చిన్నాయన మాట కరెక్టే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, మొదటి రోజు.

నేనుండే జొహానెస్‌బర్గ్ నుంచి రెండు గంటల ఫ్లైటు. దిగే ముందు కిటికీలోంచి చూస్తే కింద ఎడారి లేదు, సముద్రం లేదు, తెల్లగా దూది పరిచినట్టు పొగమంచు. విమానం చాలాసేపు గాల్లోనే తిరిగింది. దిగాక కారు తాళాలిచ్చిన కుర్రాడు ఒకటే చెప్పాడు: "ఉత్తరం రోడ్డు ఉప్పు రోడ్డు, తడిగా ఉంటే గట్టిగా బ్రేక్ వెయ్యకండి." వాన పడని ఊళ్లో తడేంటి అనుకున్నా. నిజంగానే అది ఉప్పు రోడ్డు. జిప్సం మట్టి మీద ఉప్పునీళ్లు చల్లి చల్లి తారులా గట్టిపరుస్తారు. మంచు పట్టిన పొద్దున సబ్బు రాసినట్టు జారుతుంది. కారు ఒకసారి పక్కకు తిరిగి ఆగింది. టెన్షన్‌తో చేతులు వణికాయి, ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది.

ఆ పొగమంచే ఇక్కడి వాన. దక్షిణం నుంచి బెంగ్వేలా అనే చల్లని సముద్ర ప్రవాహం తీరం వెంటే పోతుంది. నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి పైన గాలి వేడెక్కి లేవదు, మేఘం కట్టదు, వాన పడదు. ఎడారి అయింది దానివల్లే. అదే చల్లదనం వల్ల పొగమంచు కట్టి యాభై అరవై కిలోమీటర్ల లోపలికి పాకుతుంది. ఎడారిలో ప్రాణం నిలిచిందీ దానివల్లే. ఇసుక తిన్నెల మీద ఒక నల్ల పురుగు ఉంటుంది. పొద్దున్నే తిన్నె శిఖరం ఎక్కి, తల కిందికి వెనకభాగం పైకి పెట్టి నిలబడుతుంది. వీపు మీద పట్టిన మంచు చుక్కలుగా జారి నోట్లోకి వస్తుంది. మనిషి పెద్ద పెద్ద మిషన్లతో చేసే పని, అది శీర్షాసనంతో చేసుకుంటోంది.

నేను అసలు మారిపోయింది మాత్రం రోడ్డు పక్కన, వ్లోట్స్కాస్‌బాకెన్ అనే చిన్న ఊరి దగ్గర. మా గైడు దామరా తెగ ఆవిడ, యాభై దాటి ఉంటాయి. కారు ఆపించి, "అడుగు చూసుకుని వెయ్యి" అంది. చూసుకోడానికి ఏముంది, గులకరాళ్ల మైదానం. రాళ్ల మీద నల్లగా, బూడిదరంగుగా ఏదో ఎండిన పెచ్చు. కాలిన పేపరు ముక్కల్లా ఉంది. ఆవిడ వాటర్ బాటిల్ మూతలో నీళ్లు పోసి దాని మీద వంచింది. ముందు ఏమీ లేదు. తర్వాత అంచులు మెల్లగా లేచాయి. ముడుచుకున్న ముక్కలు ఒక్కోటీ విప్పుకున్నాయి. రెండు నిమిషాల్లో నలుపు పోయి ముదురాకుపచ్చ వచ్చింది, పక్క రాయి మీదిది నారింజ రంగుకు తిరిగింది. చేత్తో తాకితే మెత్తగా, తడి తోలులా ఉంది.

లైకెన్లు. బిర్యానీలో వేసే రాతిపువ్వు ఉందే, దాని చుట్టాలు. మేం నిలబడ్డ మైదానమంతా అవే, అంటే కనుచూపు మేర ఒక తోట ఎండి నిద్రపోతోంది. రోజూ పొద్దున మంచు రాగానే కాసేపు లేస్తుంది, ఎండ రాగానే మళ్లీ పడుకుంటుంది. ఆ తోటలోంచి అడ్డంగా రెండు టైరు గీతలు పోతున్నాయి. సరదాగా ఎవరో బండి దింపి తిప్పుకుని పోయారు. ఇవి తిరిగి పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. "ఖాళీగా ఉంది కదా అని" అంది ఆవిడ. అంతకుమించి ఏమీ అనలేదు. నేను మాత్రం అంతకుముందు రోజు సాయంత్రం నేనెక్కడెక్కడ కారు దింపానో గుర్తు చేసుకుంటూ నిలబడ్డా.

వాల్విస్ బేకి దక్షిణంగా కూయిసెబ్ అని ఒక నది ఉంది. నది అంటున్నా గానీ ఏడాదిలో చాలా రోజులు ఇసుకే, పైన ఎత్తు భూముల్లో వాన పడితే ఎప్పుడో కొన్నాళ్లు పారుతుంది. మన పాపాఘ్ని కూడా దానికంటే నయం. కానీ మ్యాపులో చూడండి: నదికి దక్షిణాన అంతా ఎర్రటి ఇసుక సముద్రం, ఉత్తరాన గులకరాళ్ల మైదానం. గీత గీసినట్టుంటుంది. గాలికి ఉత్తరానికి జరుగుతూ వచ్చే ఇసుక తిన్నెలు నది గట్టు దాకా వస్తాయి. ఎప్పుడో వచ్చే ఆ వరద వాటిని కడిగేస్తుంది. ఎప్పుడో కొన్నాళ్లు పారే నది అంత పెద్ద ఎడారిని ఆపుతోంది.

ఆ నది వెంట టాప్నార్ అనే నామా తెగవాళ్లు ఉంటారు. వాళ్ల బతుకంతా నారా అనే పొద చుట్టూ తిరుగుతుంది. ఆకులుండవు, ముళ్లే. వేళ్లు ఇసుకలోంచి లోతుకు పోయి భూగర్భజలాన్ని అందుకుంటాయి. పుచ్చకాయలాంటి కాయ కాస్తుంది. గుజ్జు ఉడకబెడతారు, గింజలు ఎండబెట్టి దాచుకుంటారు. ఏ పొదలు ఏ కుటుంబం వంతో వాళ్లలో వాళ్లకు పూర్వం నుంచీ లెక్క ఉంది. అంటే అడంగల్ లేకపోలేదు, మనకు చదవడం రాలేదు. ఆ నది చుట్టుపక్కలంతా ఇప్పుడు నమీబ్-నౌక్లఫ్ట్ నేషనల్ పార్కు. పార్కు గీసినప్పుడు వాళ్లు మ్యాపులో లేరు. వాల్విస్ బేకి తాగునీళ్లు తోడే బోర్లు కూడా ఆ నదిలోనివే, నీటిమట్టం పడిపోతే నారా పొద వేళ్లకు అందదు. చెన్నై మెట్రో వాటర్ కోసం లారీలు తోడుకుపోయే పల్లెల్లో ఎవరినడిగినా ఈ కథ ఇంకో భాషలో చెబుతారు.

మొదటి హద్దురాయి 1486 నాటిది. దియోగో కావో అనే పోర్చుగీసు నావికుడు స్వాకోప్‌ముండ్‌కి ఉత్తరంగా ఒడ్డున దిగి, తన రాజు పేరుమీద ఒక రాతి శిలువ పాతి వెళ్లిపోయాడు. కేప్ క్రాస్ అనే పేరు దాన్నుంచే వచ్చింది. ఇప్పుడక్కడ లక్షకు తక్కువ కాకుండా సీల్ జంతువులు పడుకుని ఉంటాయి. ఆ కంపు గురించి రాయకపోవడమే మేలు. ఆ రాయిని 1893లో జర్మన్లు పెకలించి పట్టుకుపోయారు. తిరిగి ఇస్తామని బెర్లిన్ మ్యూజియం 2019లో ప్రకటించింది. ఎవడో పాతిన హద్దురాయిని ఇంకెవడో ఎత్తుకుపోవడం, మధ్యలో నేల ఎవరిదన్న మాటే రాకపోవడం! చిన్నాయనకు ఇది చెబితే, "మా మండలంలో కూడా చూసినా" అన్నాడు.

ఈ తీరంలో పెద్ద ఓడలు నిలబడేంత లోతున్న సహజమైన రేవు వాల్విస్ బే ఒక్కటే. 1878లో బ్రిటిష్‌వాళ్లు ఆ ఒక్క ముక్కను, పదకొండు వందల చదరపు కిలోమీటర్లను తీసుకున్నారు. తర్వాత 1884లో జర్మనీ మిగతా దేశమంతా తనదంది. దేశం వాళ్లది, రేవు వీళ్లది. అందుకని జర్మన్లు 1892లో స్వాకోప్ నది మూతి దగ్గర, ఓడలకు అనువుగాని చోట ఒక ఊరు కట్టారు. (స్వాకోప్ అనేది నామా మాటకు వచ్చిన రూపం. వరదలో ఆ నది తెచ్చే బురదను చూసి పెట్టిన పేరు. దాని అసలు అర్థం అన్నం తింటూ చదివేవాళ్ల కోసం ఇక్కడ రాయను.) 1903కి రాతి కట్ట కట్టి రేవు చేశారు. కొన్నేళ్లకే ఇసుక పూడిపోయింది. ఇప్పుడు ఆ కట్ట పక్కన పిల్లలు ఈత కొడుతున్నారు.

మొదటి ప్రపంచయుద్ధంలో దక్షిణాఫ్రికా జర్మన్లను ఓడించి దేశాన్ని పట్టుకుంది. 1990 మార్చి 21న నమీబియాకు స్వాతంత్ర్యం వచ్చింది, వాల్విస్ బేకి రాలేదు! అది పాత బ్రిటిష్ కేప్ కాలనీ (తర్వాత దక్షిణాఫ్రికాలో కలిసింది) లెక్కలో ఉందంటూ దక్షిణాఫ్రికా తన దగ్గరే పెట్టుకుంది. 1994 మార్చి 1 దాకా ఇవ్వలేదు. ఎడారంతా ఖాళీ, ఎవరికీ అక్కర్లేదు, తీసుకోండి. నీళ్లు లోతుగా ఉన్న ఆ ఒక్క అంచు మాత్రం మాది. ఇదీ వరస. ఖాళీ అన్నవాడికి ఎక్కడ ఖాళీ లేదో బాగా తెలుసు.

స్వాకోప్‌ముండ్ అందమైన ఊరు. చెక్క మేడలు, లైట్‌హౌస్, జర్మన్ బేకరీలు. కాఫీ, కేకు బాగున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఊరి అంచున శ్మశానం ఉంది. ముందు భాగంలో పాలరాతి సమాధులు, పచ్చటి చెట్లు. దాన్ని దాటి వెనక్కి వెళితే చెట్లు ఆగిపోతాయి, ఇసుక మొదలవుతుంది. ఇసుకలో మోకాలెత్తు కూడా లేని చిన్న చిన్న దిబ్బలు, వందలు. కొన్నిటి చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. పేర్లు లేవు.

1904లో హెరెరో తెగవాళ్లు జర్మన్ల మీద తిరగబడ్డారు. జనరల్ ఫాన్ ట్రోథా వాళ్లను తూర్పున ఒమాహెకే ఎడారిలోకి తరిమి, నీటి గుంటల దగ్గర కాపలా పెట్టాడు. దాహంతో ఎందరు పోయారో. అక్టోబర్ 2న, కనిపించిన హెరెరోను కాల్చెయ్యమని ఉత్తర్వు ఇచ్చాడు. మిగిలినవాళ్లను బందీల శిబిరాలకు తెచ్చారు. ఒక శిబిరం ఇక్కడే, 1905 నుంచి 1908 దాకా. లోపలి ఎండ ప్రాంతంలో పశువులు కాచుకునే మనుషులను ఈ చలిమంచులో, సరైన బట్టల్లేకుండా, ఓడల సరుకు దింపడానికి, రైలు పట్టాలు వేయడానికి వాడారు. ఆ దిబ్బలు వాళ్లవి. 2021 మేలో జర్మనీ ఇది జాతి నిర్మూలనమేనని ఒప్పుకుని, ముప్పయ్యేళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడకుండా చేసుకున్న ఒప్పందం అని హెరెరో, నామా వారసులు చాలామంది దాన్ని కాదన్నారు. నమీబియా 2025 మే 28న మొదటిసారి అధికారికంగా స్మారకదినం జరుపుకుంది.

నేను వెళ్లిన సాయంత్రం అక్కడ ఎవరూ లేరు. దూరంగా ఇసుకలో ఎవరో క్వాడ్‌బైకు తోలుతున్న చప్పుడు మాత్రం వచ్చింది.

ఇక యురేనియం. కడపోడిగా నేను దీన్ని పక్కన పెట్టలేను, యురేనియం తవ్వే తుమ్మలపల్లె మాకు దూరం కాదు. అరాండిస్ ఊరి దగ్గర రోసింగ్ గని 1976 నుంచి నడుస్తోంది. మూడు కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, దాదాపు 390 మీటర్ల లోతు గుంట. కింద తిరిగే లారీలు చీమల్లా ఉంటాయని చెబుతారు గానీ, నాకైతే అవి అసలు కదులుతున్నట్టే అనిపించలేదు. గని మొదలవడానికి రెండేళ్ల ముందే, 1974లో, నమీబియా కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన మండలి ఒక డిక్రీ ఇచ్చింది: మా అనుమతి లేకుండా ఈ దేశపు ఖనిజాలు తవ్వకూడదు, తరలించకూడదు అని. బ్రిటన్‌తో సహా కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. రాజు షా కాలంలో ఇరాన్ ఈ గనిలో కొన్న 15 శాతం వాటా, సరుకు తీసుకునే హక్కు లేకుండా, ఇప్పటికీ అలాగే ఉంది. 2019లో ప్రధాన వాటా చైనా కంపెనీ చేతికి వచ్చింది. పక్కన హుసాబ్ అనే ఇంకా పెద్ద గని 2016 చివర్లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అందులో 90 శాతం చైనాది, 10 శాతం నమీబియా ప్రభుత్వ కంపెనీది.

"పొలం కోరుకు ఇచ్చినా సగం పంట వస్తాది గదరా" అన్నాడు చిన్నాయన.

రాయల్టీలు, పన్నులు వేరుగా వస్తాయి కాబట్టి ఆ పోలిక పూర్తిగా న్యాయం కాదని చెప్పా. గనులు మూసెయ్యాలి అనే మిత్రులతో కూడా నేను ఏకీభవించను. అరాండిస్ ఊరు గని కోసమే పుట్టింది. ఉత్తరాది ఓవాంబో పల్లెల నుంచి వచ్చిన వేలమందికి గని, చేపల ఫ్యాక్టరీ, ఓడరేవు, ఈ మూడే అన్నం పెడుతున్నాయి. జొహానెస్‌బర్గ్‌లో ఏసీలో కూర్చుని వాళ్ల ఉద్యోగాలు తీసెయ్యమనడం నాకు చేతకాదు. నా గొడవ తవ్వడంతో కాదు. తవ్వకముందు ఎవరిని అడిగారన్నదానితో. 2019లో నల్లమలలో యురేనియం వెతుకుతామంటే పెద్ద గొడవైంది, తెలంగాణ అసెంబ్లీ వద్దని ఏకగ్రీవ తీర్మానం చేసింది. చెంచులు అక్కడ ఉన్నారని అందరికీ కనిపించింది, అడవి పచ్చగా ఉంది కాబట్టి. అదే అక్కడ లైకెన్ల మైదానమే ఉంటే మనం ట్వీట్ అయినా పెట్టేవాళ్లమా?

నీళ్ల దగ్గరికి వస్తే లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ఫ్రెంచి కంపెనీ ట్రెక్కోప్యె అనే చోట గని తెరుద్దామని, దానికోసం వ్లోట్స్కాస్‌బాకెన్ ఒడ్డున సముద్రపు నీళ్లను మంచినీళ్లుగా మార్చే ప్లాంటు కట్టింది. 2010లో మొదలైంది. ఏడాదికి రెండు కోట్ల ఘనపు మీటర్ల సామర్థ్యం. మన భాషలో 0.7 టీఎంసీ. శ్రీశైలం నిండితే 215 అని గుర్తుపెట్టుకుని చదవండి. యురేనియం ధర పడిపోయి ఆ గని పూర్తిస్థాయి ఉత్పత్తి దాకా రానేలేదు, ప్లాంటు మాత్రం మిగిలింది. ఇప్పుడు మిగతా గనులు ప్రధానంగా ఆ నీళ్ల మీదే నడుస్తున్నాయి, ఊళ్లకూ కొంత వస్తోంది. పోరంబోకులో చుక్క నీరు లేదన్నారు, గని అనుకోగానే సముద్రమే తియ్యనైంది!

స్వాకోప్‌ముండ్ కేకు షాపుల నుంచి పదిహేను నిమిషాల దూరంలో డీఆర్‌సీ అనే బస్తీ ఉంది. చెక్కలు, రేకులు, ప్లాస్టిక్ పట్టాలతో ఇళ్లు. తాత్కాలికం అని పెట్టారు, పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యారు. ముందే డబ్బు కట్టినవాళ్లకే నీళ్లిచ్చే ఉమ్మడి కుళాయి దగ్గర ఒకామె రెండు పసుపు క్యాన్లు నింపుకుంటోంది. చివర్లో ధార సన్నబడితే క్యానును ఒంచి, మూతికి ఆనించి, ఆఖరి చుక్క పడేదాకా పట్టుకుంది. ఆ పురుగు గుర్తొచ్చింది నాకు. మనిషిని పురుగుతో పోల్చానని అనుకోకండి, ఒడుపు గురించి అంటున్నా.

మొన్న ఆదివారం చిన్నాయనకు మళ్లీ ఫోన్ చేసి ఇదంతా చెప్పా. నీళ్ల లెక్క రెండుసార్లు అడిగించుకున్నాడు. ఇసుకలో దిబ్బల ఫొటో ఈసారి పెద్దది చేసి చూసినట్టున్నాడు, కాసేపు మాట్లాడలేదు.

"శ్మశాన పోరంబోకురా అది. నా సర్వీసులో చానా మంది అడిగినారు, దానికి మాత్రం ఎవరికీ రాయలే" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "ఆ నీళ్లు పోస్తే విచ్చుకునేది ఉండాదే, ఆ వీడియో ఇంకోసారి పంపు. మీ చిన్నమ్మ బిర్యానీలో వేసేది అదేనంటే నమ్మడం ల్యా."